చింతపండుతో తోమిన నాణేలు

విజయభాస్కర్ ఆళ్లగడ్డ బస్సు దిగేసరికి నంద్యాలలో ఎండ మాడ్చేస్తోంది. చేతిసంచిలో తండ్రి వెంకటరామయ్య కూడబెట్టిన పాత నాణేలున్నాయి. "సంచి గట్టిగా పట్టుకోండి" అంది వెనకాలే దిగిన భార్య అనసూయ. బస్సెక్కినప్పటి నుంచి అది నాలుగోసారి.

వెంకటరామయ్యకు ఆళ్లగడ్డలో పూజాసామాన్ల అంగడి ఉండేది. శిరివెళ్ల వైపు రైతులు చేలు దున్నేటప్పుడు దొరికిన నాణేలు తెచ్చిస్తే, బదులుగా కర్పూరమో దీపపు నూనో ఇచ్చి పంపేవాడు. ఆయన పోయి ఇరవై రెండేళ్లయింది. నంద్యాల కాలేజీలో చరిత్ర చెప్పే లీలావతి తమ ప్రదర్శన గదికి నాణేలు సేకరిస్తోందని ఈ మధ్యే తెలిసి, విజయభాస్కర్ వెళ్లి కలిశాడు. "ముందు రెండువైపులా స్పష్టంగా ఫొటోలు పంపండి. పనికొచ్చేవి తీసుకుంటాం. అద్దాల పెట్టె మీద మీ నాన్నగారి పేరు రాస్తాం" అందామె. అప్పటి నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. సెల్‌ఫోన్‌తో తీయబోతే నాణెం మీద ఫోన్ నీడే పడింది.

పెళ్లి ఫొటోలు తీసే యాకోబు స్టూడియోలో వాడిన కెమెరా ఒకటి, కంప్యూటర్‌కు తగిలించే చిన్న మైక్రోస్కోప్ ఒకటి అమ్మకానికి ఉన్నాయి. బస్టాండు నుంచి ముందు అక్కడికే వెళ్లారు. రెండూ కొనే తాహతు లేదని, ఒకటే తీసుకుంటానని విజయభాస్కర్ ముందే చెప్పాడు.

యాకోబు మొదటి నాణెం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఏందన్నా, నిన్న అచ్చేసినట్టు తళతళలాడతాండాయి?"

"దీపావళికి లక్ష్మీపూజలో పెడతాం గదప్పా. ముందురోజు చింతపండు, ఇటుకపొడి వేసి తోముతాం. మొగం కనపడేదాకా తోమాల అనేవాడు మా నాయన. చిన్నప్పటి నుంచి అది నా పనే."

"ఇంట్లో గిన్నె ఒకటి తోమమంటే మాత్రం నడుము పట్టేస్తాది ఈయనకు" అంది అనసూయ. యాకోబు నవ్వాడు.

కెమెరాను స్టాండుకు బిగించి తీస్తే నాణెం తెర నిండా బంగారంలా వచ్చింది. తర్వాత దాన్నే మైక్రోస్కోప్ కింద పెట్టాడు. "దీంట్లో పెద్ద నాణెం పూరా పట్టదన్నా. ముక్కే కనపడతాది."

ఆ ముక్కలో అక్షరాలుండాల్సిన చోట నున్నటి చదును. దాని నిండా సన్నటి గీతలు. గీతలన్నీ ఒకే వంపు తిరిగి ఉన్నాయి. విజయభాస్కర్ తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. ఆ వేలు తిరిగే వంపే అది.

"ఇంకోటి పెట్టు" అన్నాడు. ఇంకోటీ అంతే. ఆరో దానికి యాకోబు చెయ్యి ఆపాడు.

"కెమెరా తీసుకో అన్నా. లైటు సర్ది పెడితే ఒక్క గీత కనపడదు. పెండ్లికూతుర్ల మొటిమలే మాయం చేస్తాండా, ఇదెంత?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ఫొటోలు పంపితే లీలావతి మేడం ఒప్పుకుంటుంది, పేరూ రాయిస్తుంది. కానీ ఏదో ఒకరోజు నాణెం ఆమె చేతికి వెళ్లక తప్పదు.

సంచి అడుగున గుడ్డమూట మిగిలింది. విప్పితే కందిపప్పు బద్దలంత నల్లటి బిళ్లలు.

"ఇవేందన్నా?"

"అవి తోమేదానికి వేళ్లకు దొరకవప్పా, జారిపోతాయి. నాయన వాటిని నాణేలనే అనలేదు. పారేయబుద్ధి గాక మూటగట్టినాడు."

కెమెరాలో అది ఉత్త నల్లచుక్క. మైక్రోస్కోప్ కింద తెర నిండా ఏనుగు నిలబడింది. తొండం, దంతం, చెవి మడతలో మట్టి.

"తొండం ఎత్తింది చూడండి" అంది అనసూయ మెల్లగా.

"ఇదే తీసుకుంటా" అన్నాడు విజయభాస్కర్, మైక్రోస్కోప్ మీద చెయ్యి వేసి.

"మరి పెద్దవి? మామయ్య ప్రాణమంతా వాటి మీదే కదా?"

"అవి మనింట్లోనే ఉంటాయి."

అక్కడి నుంచి నేరుగా కాలేజీకి నడిచారు. విజయభాస్కర్ చూపించిన పెద్ద నాణేన్ని లీలావతి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వంచి చూసింది.

"ఎప్పటి నుంచి తోముతున్నారు?"

"నా ఏడో ఏట నుంచి మేడం. నాయన ఉన్నప్పుడూ, పోయినాకా. నేనే తోమినా."

ఆమె నాణెం అతని చేతికిచ్చి, భూతద్దంతో చిన్నవాటిని ఒక్కొక్కటే చూసింది. "వీటి ఫొటోలు పంపండి. ఇవి ఇలాగే ఉండనివ్వండి, మట్టి కూడా తుడవకండి. ఇవి పెడతాం." కాగితం, పెన్ను తీసుకుంది. "నాన్నగారి పూర్తి పేరు?"

విజయభాస్కర్ ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆమె రాసుకుంది.

"కింద మీ పేరు కూడా వేస్తాం. ఇచ్చింది మీరే కదా."

"నాది వద్దు మేడం" అన్నాడతను.