ఆరోగ్యమ్మ వంతు

శౌరప్ప జపమాల సగమే చెప్పేవాడు. తక్కిన సగం ఆరోగ్యమ్మది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. సాయంత్రం దీపం పెట్టి అతను "మరియమ్మా వందనము" అని తన వంతు ముగిస్తే, ఆమె రాగిపిండి జల్లించుకుంటూనే "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకునేది. ఆమె పోయాక కూడా అతను తన సగం చెప్పి ఆగేవాడు. ఆమె సగానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పూసను వేళ్ళ మధ్య పట్టుకుని ఊరకే కూర్చునేవాడు. ఆ ఖాళీలో ఆమె గొంతు వినబడుతున్నట్టే ఉండేది. దాన్ని పట్టుకునే బతుకు నెట్టుకొస్తున్నాడు పాపం.

పంచాయతీ ఎలక్షన్లు ఇంకో వారం ఉన్నాయనగా, ఆ ఖాళీలో నీళ్ళ చప్పుడు మొదలైంది.

ఆ నీళ్ళు ఎక్కడివో అతనికి బాగా తెలుసు. శౌరప్ప ఆ ఊరి ఉపదేశి. మిట్టేమరి నుంచి లోపలికి పోతే వచ్చే ఆ పల్లెలో కతోలికుల ఇళ్ళు గుప్పెడు. చింతామణి నుంచి ఫాదరు స్వామివారు నెలకోసారి వచ్చి పూజ చేసి పోతారు. మిగిలిన రోజుల్లో గుడి గంట కొట్టడం, పిల్లలచేత పది ఆజ్ఞలు వల్లె వేయించడం, పోయినవాళ్ళకు గొయ్యి తవ్వించి చివరి ప్రార్థన చెప్పడం, అన్నీ ఇతని నెత్తినే. నవంబరు చనిపోయినవాళ్ళ నెల. రోజూ సాయంత్రం గుడిలో వాళ్ళ పేర్లు పిలిచి, ఒక్కో పేరు వెనకా "నిత్య విశ్రాంతిని దయచేయండి ప్రభువా" అంటాడు. జనం "నిత్య వెలుగు ప్రకాశించును గాక" అంటారు. ఎన్నేళ్ళ అలవాటో, పోయినవాళ్ళ పేరు టీ అంగట్లో వినబడినా ఆ మాట అతని నోట దానంతటదే వచ్చేస్తుంది. కుర్రాళ్ళు కావాలనే చచ్చినవాళ్ళ పేర్లెత్తి నవ్వుకునేవాళ్ళు కూడా.

సమాధుల దొడ్డికి పోవాలంటే గంగాధరప్ప చేను దాటాలి. బాగేపల్లిలో పెద్ద అంగడి, ఊళ్ళో పొలాలు ఉన్న ఆసామి. ఆరోగ్యమ్మ పోయిన రోజు ఎడతెరిపి లేని వాన. పైరు తొక్కుతారని అతని మనుషులు దారికి కంప అడ్డం వేశారు. చేసేదేముంది, శవపెట్టెను చేను పక్క వాగులో దించి మోశారు. నడిమధ్యలో ఒకడి కాలు జారింది. పెట్టె ఒరిగి, పలకల సందుల్లోంచి నీళ్ళు లోపలికి పోయాయి. గోతిలోకి దించుతుంటే ఆ నీళ్ళు లోపల గుడగుడమని కదిలాయి. కట్టుకున్నవాడికి అది మరిచిపోయే చప్పుడా!

అలాంటి గంగాధరప్ప ఎలక్షన్లో నిలబడి, ఒక పొద్దున తానే శౌరప్ప గడపలోకి వచ్చాడు.

"ఉపదేశప్పా, నా ఏజెంటుగా నువ్వు మతగట్టెలో, ఓట్లేసే గదిలో కూచో. మీ సమాధుల దోవ రాసిచ్చేస్తా. గెలిస్తే మొదట చేసే పనే అది."

"దేవుడు నిన్ను సల్లగా చూడనీ అప్పా."

"ఒగటే మాట. పోయినోళ్ళ పేర్లు లిస్టులో ఇంకా ఉండాయి. ఎవురో వస్తారు, వేసి పోతారు. నువ్వు తల ఎత్తద్దు. మీ వాళ్ళలో ఎవురు ఉండారో ఎవురు పోయినారో, నీకి తప్ప లోపల కూచునేవాళ్ళకి ఏం తెలుస్తాది?"

శౌరప్పకు ముసలి ఇన్నాసప్ప గుర్తొచ్చాడు. ఇవాళో రేపో అన్నట్టున్నాడు. అతన్నయినా పొడి నేల మీద తీసుకుపోవచ్చు. చచ్చినవాళ్ళ కోసమే కదా అనుకుని తల ఊపాడు.

ఆ సాయంత్రం నుంచే నీళ్ళు. తన సగం చెప్పి ఆగగానే, వీపు వెనక, గుడగుడమని. తెల్లవారి గంట కొట్టబోతే గుడి మెట్టు మీద తడి పాదం అచ్చు. వాన పడి నెలయింది. తుడిచి వచ్చాడు. మర్నాడు మళ్ళీ ఉంది. పిల్లలు ఎనిమిదో ఆజ్ఞ "అబద్ధ సాక్ష్యము పలుకవద్దు" అని అరుస్తుంటే వాళ్ళ మొహాలు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. ఆదివారం స్వామివారు వచ్చి, "ఓటు కూడా సాక్ష్యమే నాయనా. దేశానికి చేసే అన్యాయం దేవుడి లెక్కలోకి రాదనుకోవద్దు" అని ప్రసంగం చేశారు. అందరూ బుద్ధిగా విన్నారు. శౌరప్ప గంట కొట్టాల్సిన చోట కొట్టడం మరిచిపోయాడు.

ఎలక్షన్ రోజు బడి గదిలో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదుటి పక్షం ఏజెంటు పక్క ఊరివాడు, వాడికి ఎవరూ తెలియదు. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన వనజాక్షి మేడం పెద్ద ఆఫీసరు. గుమస్తా ఒక్కో ఓటరు చీటీ చూసి పేరు గట్టిగా చదువుతున్నాడు.

"ఆరోగ్యమ్మ, భర్త శౌరప్ప!"

"నేనే సార్" అంది ఒక ఆడగొంతు.

శౌరప్ప తల ఎత్తాడు. సెరగు మొహం మీదికి లాక్కుని నిలబడిన మనిషి మునివెంకటమ్మ. పక్కింటి మునివెంకటమ్మే! ఆరోగ్యమ్మ మంచాన పడితే గంజి తాగించింది ఆమె. పీనుగకు నీళ్ళు పోసింది ఆమె. గుమస్తా లిస్టులో పేరు మీద గీత పెట్టబోతున్నాడు.

అప్పుడు వచ్చింది మాట, దానంతటదే. "నిత్య విశ్రాంతిని దయచేయండి ప్రభువా."

బయట వరుసలో నిలబడ్డ కతోలికులు నవంబరంతా చెప్పి చెప్పి ఉన్నారేమో, ఒక్క గొంతుతో "నిత్య వెలుగు ప్రకాశించును గాక" అన్నారు.

గుమస్తా పెన్ను ఆపాడు. మునివెంకటమ్మ సెరగు ఇంకా కిందికి లాక్కుంది.

"ఏమది?" అంది వనజాక్షి మేడం.

ఏదో అలవాటమ్మా అంటే సరిపోయేది. అందరూ నవ్వేసేవాళ్ళు, దారి వచ్చేసేది. నీళ్ళ చప్పుడు మాత్రం చెవిలో పెద్దదవుతోంది. శౌరప్ప లేచి నిలబడ్డాడు.

"ఆరోగ్యమ్మ నా పెండ్లామమ్మా. సచ్చిపోయింది. నేనే పూడ్చినా. ఆమె పేరు మీద ఎవురూ ఓటెయ్యకూడదు."

"నువ్వు గంగాధరప్ప ఏజెంటువి కదా?"

"అవునమ్మా. అయినా ఆమె సచ్చిపోయింది నిజమే కదా."

మునివెంకటమ్మ చీటీ అక్కడే పడేసి పరుగున వెళ్ళిపోయింది. ఆ తర్వాత గుమస్తా పోయినవాళ్ళ పేరు ఏది చదివినా శౌరప్ప ఆ మాటే అన్నాడు, ఈసారి తెలిసే అన్నాడు, గట్టిగా అన్నాడు. మధ్యాహ్నానికి చచ్చినవాళ్ళ చీటీలు పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ వరుసలో లేరు.

అయినా గంగాధరప్పే గెలిచాడు. గెలిచిన మర్నాడే సమాధుల దారికి రాతి కూసాలు పాతించి ముళ్ళతీగ కట్టించాడు. ముసలి ఇన్నాసప్ప కర్ర పట్టుకుని వచ్చి శౌరప్పను నిలదీశాడు. "నీ సత్తెం నా పెట్టెలోకి నీళ్ళు పోయిచ్చేదానికే కదప్పా!"

ఆ సాయంత్రం దీపం పెట్టి, తన సగం చెప్పి ఆగాడు. నీళ్ళ చప్పుడు లేదు. ఆరోగ్యమ్మ గొంతూ లేదు. ఇన్నాళ్ళూ ఉన్నదేదీ లేదు. నువ్వు కూడా పోతివా తల్లీ అని ఏడుపొచ్చింది.

"పరిశుద్ధ మరియమ్మా..."

గొంతు గోడ అవతల నుంచి వస్తోంది. తడబడుతూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "మా మరణ సమయమందును ప్రార్థించండి" దాకా వచ్చి ఆగింది. శౌరప్ప లేచిపోయి మొండిగోడ మీదుగా చూశాడు. మునివెంకటమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఓటు రోజు నుంచి మొహం చూపించని మనిషి.

"నీకెట్ల వస్తాదమ్మా ఇది?"

"ఆరోగ్యక్క మంచంలో ఉన్నెప్పుడు నేర్పిచ్చిందప్పా. నేను పోతే ఈయప్ప సగం చెప్పి ఊరికే కూచుంటాడు, నా సగం నువ్వన్నా చెప్పు అనింది. మీ గుడికి రాని దాన్ని, జనం నవ్వుతారని నాకి నోరు రాలే." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అక్క చెప్పమనిన మాట చెప్పలే. అక్క పేరు పిలిస్తే మాత్రం నేనే అంటిని."

శౌరప్ప గోడకు ఇవతల, నేల మీదే కూర్చుని ఇంకో పూస పట్టుకున్నాడు. తన సగం చెప్పి, ఆమె కోసం ఆగాడు.