సారు ఆరనివ్వని తెర

చేయి తాకకపోతే అక్కడ మనిషి లేనట్టేనా? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నా వెంట ఉంది. పోయిన నెల ఆదోని ఆసుపత్రి నుంచి మా సారు కూతురు ఫోన్ చేసి "నాయన పోయినాడక్కా" అన్నప్పుడు కూడా మనసులో మొదట మెదిలింది అదే.

సారు మాకు ఆదోని కాలేజీలో కంప్యూటర్లు చెప్పారు. రిటైరయ్యాక ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలోని తన ఇంట్లో ఒక పాత యునిక్స్ వర్క్‌స్టేషన్ కంప్యూటర్ పెట్టుకుని చీర అంచులకు డిజైన్లు గీసేవారు. చదువైపోయి ఉద్యోగం లేని రోజుల్లో, ఆదివారమైతే చాలు, బస్సెక్కి వెళ్లి ఆయన పక్కన కూర్చునేదాన్ని.

ఆ వీధిలోనే ఉండే ఒక నేతన్న సారింటికొచ్చి, తెర మీది గ్రాఫ్ చూస్తూ, అంచు డిజైన్ నేయించే జకార్డ్ మగ్గం అట్టలకు రంధ్రాలు కొట్టేవాడు. రెండు చేతులకూ పనే. ఒకరోజు వరుస మధ్యలో తెర నల్లబడింది. చేతిలో ఉన్న అట్ట పాడైంది.

"ఏం సారూ, మీ పెట్టెకు నా మీద అలకా? సూస్తాండంగానే కండ్లు మూసుకునె!"

"అలక కాదప్పా. కీబోర్డు తాకితేనే మనిషి ఉండాడనుకుంటాది. చూసేవాళ్లు దాని లెక్కలో లేరు."

"అయితే ఆ లెక్క నేర్పియ్యి సారూ, అంత సదివినావు గదా!"

సారు పగలబడి నవ్వి, నన్ను సిస్టం ముందు కూర్చోబెట్టారు. కరెంటు ఆదా చేసే సెట్టింగులన్నీ ఒక్క దెబ్బతో తీసేద్దామన్నాను. ఒప్పుకోలేదు. తెర ఆరడం వేరు, డిస్కు ఆగడం వేరు, సిస్టం మొత్తం నిద్రపోవడం వేరు, దేనికది విడిగా చెప్పాలన్నారు. తెర ఆరకుండా, సిస్టం నిద్రపోకుండా పెట్టించారు. డిస్కును మాత్రం పని లేనప్పుడు ఆగనిచ్చారు. "దానికి తెలియంది మనం చెప్పల్ల. తిడితే ఏమొస్తాది?" అన్నారు. ఇవాళ నా విద్యార్థులకు సెట్టింగులు నేర్పేటప్పుడు ముందు అదే అడుగుతాను: దీని ముందు కూర్చునేదెవరు, వాళ్ల చేతులు ఎక్కడుంటాయి?

కరెంటు పోతే యూపీఎస్ కీచుమనేది. నేను ఉలిక్కిపడి లేచేదాన్ని. సారు బొరుగుల ఉగ్గాణి పళ్లెం ముందు నుంచి కదిలేవారు కాదు. బ్యాటరీ తగ్గగానే సిస్టం పనంతా దాచిపెట్టి తనంతట తానే ఆగిపోయేలా ముందే చెప్పి ఉంచారు.

"పొమ్మనకముందే సర్దుకోని పోతాది. నువ్వు కూర్చోమ్మా, బజ్జీ సల్లారిపోతాది."

పోయిన నెల చివరిసారి ఆసుపత్రికి వెళ్తే సారు కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్ర చెడుతుందేమోనని చేయి ముట్టుకోలేదు. సాయంత్రం దాకా ఊరికే చూస్తూ కూర్చున్నాను. మరుసటి రోజే ఆ ఫోన్.

కర్మలయ్యాక సారు ఇంటికి వెళ్లాను. జుట్టు నెరిసిన ఆ నేతన్న ఇంకా అక్కడే అట్టలు కొడుతున్నాడు.

"ఇంక ఈ తెరను ఆరిపోయేటట్టు పెట్టేదా అక్కా?" సారు కూతురు అడిగింది.

"ముట్టుకోవాకు తల్లీ," అన్నాడతను, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

వద్దని నేనూ చెప్పాను. దాంట్లో నాకు ఏ అనుమానమూ లేదు. తెర వెలుగు అతని ముఖం మీద పడుతోంది. కీబోర్డు మీద పల్చగా దుమ్ము.

ఆ సాయంత్రం నేను పక్కనే ఉన్నట్టు సారుకు తెలిసిందో లేదో, ఒక్కసారి చేయి పట్టుకుని ఉండాల్సిందో కాదో, అది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.