నీళ్లల్ల గులాబీ మబ్బు

మొన్న స్విమ్మింగ్ పూల్ల ఏం జరిగిందో మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పే ఉంటరు. మా యాదగిరి అన్న చెప్తే ఒకటికి రెండు కలుపుతడు. అందుకే నా ఇజ్జత్ ఎంతవరకు పోయిందో నేనే బరాబర్ చెప్తున్న.

యాదగిరి అన్నకు ఛత్రినాకల ఫొటో స్టూడియో ఉంది. అండ్ల నేను మూడేండ్ల సంది పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్న. సదువు ఇంటర్లనే ఆగిపోయింది గని, పెండ్లి జంటను కంప్యూటర్ల పూల నడుమ, చందమామ కింద నిలవెట్టుట్ల నన్ను మించినోళ్లు లేరు. కెమెరా మాత్రం అన్న ఎన్నడు చేతికియ్యలే. "నువ్వు ఫొటో తీసుడు మర్చిపోయి, వాళ్లను చూసుకుంట నిలవడతవ్" అంటడు. అది అబద్ధం కూడ కాదు.

గట్లున్నప్పుడు మా గల్లీ రేణుకకు పెండ్లి కుదిరింది. నీళ్ల లోపల ప్రీ వెడ్డింగ్ ఫొటోలు కావాలన్నది. వాళ్ల నాయనమ్మది ఒక్కటే మాట. "పిల్ల తడిబట్టలతోని ఉంటే మొగోడు ఫొటో తీసుడేంది? ఆడపిల్ల ఉంటె తియ్యుండ్రి, లేకుంటె బందువెట్టుండ్రి."

అన్న నా దిక్కు చూసిండు. "మంచిగొస్తే ఇగ నీకు కెమెరా ఇస్త. రాకుంటె మల్ల మౌస్ పట్టుకో" అన్నడు.

నాకు ఈత రాదు. పూల్ల నీళ్లు నాలుగు ఫీట్లే గాబట్టి ఊపిరి బిగవట్టుడు వస్తే చాలట. వారం రోజులు ఇంట్ల నీళ్ల డ్రమ్ముల మొఖం ముంచి ప్రాక్టీస్ చేసిన. "ఏందే, మొఖం కడుగుతున్నవా, సావనీకి చూస్తున్నవా?" అని అమ్మ అడిగింది. నేనేమో ఆ డ్రమ్ముల కూడ, చున్నీ నీళ్లల్ల ఎట్ల తేలుతది, పిలగాడు పిల్ల చెయ్యి ఎట్ల వట్టుకుంటడు, గవే చూస్తున్న.

అన్న ఎవరి దగ్గర్నో ఒక హౌసింగ్ కొనుక్కొచ్చిండు. హౌసింగ్ అంటే కెమెరాకు నీళ్లు తాకకుంట పెట్టే గట్టి డబ్బ. వెనక మూత ఉంటది, ముందట గిన్నె బోర్లించినట్టు గుండ్రటి అద్దం ఉంటది. స్టూడియోల చూస్తే ఫోకస్ మంచిగ పని చేసింది.

తెల్లారి సామాన్ సర్దుడు నా పని. కొత్త వస్తువును బొట్టు పెట్టకుంట ఎట్ల వాడుతం? బండికి పెడ్తం, ఫ్రిజ్జుకు పెడ్తం, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కు కూడ పెడ్తం. గని దీనికి బయట పెడ్తే నీళ్లల్ల కరిగిపోతది. పెండ్లి పనిల బొట్టు చెరిగిపోవుడు మంచిదా? అందుకే మస్తు సోంచాయించి, అద్దం లోపలి దిక్కు, సరిగ్గ నడుమ, గంధం అద్ది కుంకుమ పెట్టిన. చిన్నదే, శనగ గింజంత. ఆరినంక కెమెరా వెట్టి మూత బిగించిన. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

దబీర్‌పురా స్టేషన్ దాటినంక ఉన్న పూల్ అది. పదింటికి దిగినం. పన్నెండింటికి ఈత నేర్చుకునే పిల్లలొస్తరు, గంతలనే అయిపోవాలె. రేణుకది ఎర్ర గౌను, పెండ్లి పిలగాడు శ్రీకాంత్‌ది తెల్ల షర్టు. నాయనమ్మ ఒడ్డు మీద కుర్చేసుకొని తువాలలకు కావలి కూసుంది. నేను మునిగి బటన్ నొక్కిన. కెమెరా జిర్ జిర్‌మని ముందుకు, వెనకకు ఫోకస్ ఎతుకుతుంది, ఎక్కడ ఆగుతలేదు. స్క్రీన్ మీద మనుషులు లేరు. నడుమ గులాబీ రంగు మబ్బు, చుట్టూర నీలం.

నా పెయ్యి జల్లుమన్నది. ఎర్ర గౌను రంగు నీళ్లల్ల గిట్ల పరుసుకుంటదేమో, ప్రేమంటే గిదేనేమో అనుకొని గట్లనే నాలుగు ఫొటోలు కొట్టిన. పైకి లేచి, "అన్నా, మస్తొస్తున్నయి" అన్న.

అన్న ఒడ్డు మీద నుంచి వంగి స్క్రీన్ చూసిండు. "మనుషులేరి?"

గప్పటి సంది మొదలైంది పరేషాన్. ముందుగాల బుడగలన్నడు. అద్దానికి గాలి బుడగలు అంటుకుంటే ఫోకస్ తప్పుతదట. బయట అద్దమంత అరచేతితోని తుడిచిన. అదే మబ్బు. లోపల ఆవిరి పట్టిందేమో అన్నడు. డబ్బను తుడిచి, వెనక మూత తీసి, కెమెరాను సగం బయటికి గుంజి, లెన్స్ మీది ఫోకస్ బటన్ ఆటోలనే ఉందా అని చూసిండు. ఆటోలనే ఉంది. తేమ పీల్చే పొట్లం ఇంకోటి వెట్టి మూసిండు. మల్ల అదే మబ్బు.

ఇగ డబ్బ అమ్మినాయనకు ఫోన్ కొట్టి స్పీకర్‌ల వెట్టిండు. ఆయన చెప్పిండు, "భాయ్, నీళ్లల్ల ఆ గుండ్రటద్దంల నుంచి చూస్తే కెమెరాకు దూరమున్నది కూడ దగ్గరున్నట్టే అనిపిస్తది. సాదా బట్ట మీద ఫోకస్ పెడ్తే దొరకది. నలుపు, తెలుపు పక్కపక్కన ఉన్న జాగల పెట్టుండ్రి."

మాకు సగమే సమజైంది. ఆ ఇద్దరిల నలుపు, తెలుపు పక్కపక్కన యాడున్నయి? శ్రీకాంత్ మీసం, దాని కింద పండ్లు. నీళ్లల్ల మునిగి నవ్వుమన్నం. పాపం, నవ్విండు. గుక్కెడు నీళ్లు మింగి దగ్గుకుంట లేచిండు.

"పెండ్లి కాకముందుకే పిలగాన్ని ముంచుతుర్రు గదనే" అన్నది నాయనమ్మ.

దగ్గరికి రమ్మన్న, దూరం పొమ్మన్న, పక్కకు తిరగమన్న. రేణుక పెదవులు నీలమైనయి. "అక్కా, ఏదో ఒకటి ఫైనల్ చెయ్యి. నాకు చలి వెడుతుంది" అన్నది.

పన్నెండుకు ఇంకా పదిహేను నిమిషాలున్నయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. గట్టు మీద కూసొని డబ్బను పక్కకు పెట్టిన. దాని అద్దం నాయనమ్మ దిక్కుంది. ఆమె వంగి, కండ్లద్దాలు సర్దుకొని చూసింది.

"బిడ్డా, కెమెరాకు బొట్టు ఎంత మంచిగ పెట్టినవే. నడి నొసట పెట్టినట్టుంది. గిన్ని నీళ్లల్ల నానినా చెదరలే. ఏ దుకాణం కుంకుమ?"

"లోపల పెట్టిన నాయనమ్మా, అందుకే చెదరలే" అన్న, జెర్ర గర్వంగనే.

ఫోన్ల ఆయన ఇంకా లైన్ల ఉన్నడట. "లోపల ఏం పెట్టిండ్రు?" అని అడిగిండు. యాదగిరి అన్న ఫోన్ కట్ చేసిండు.

రెండు గంటల సంది ఆ కెమెరా ముక్కు ముందటున్న కుంకుమను చూడబోయి చూడలేక కొట్టుకుంటుందన్న మాట. అన్న కెమెరా తీసి, అద్దం తుడిచి, నా చేతిల వెట్టిండు. తిట్టినా జెర్ర నిమ్మళమయ్యేది.

ఆఖరి పది నిమిషాలు ఫోకస్ ఎట్లొచ్చిందనుకున్నరు. సూదిలెక్క. రేణుక కాటుక గదువ దాక కారింది కనిపించింది. శ్రీకాంత్ కండ్లు మిరపపండ్లు, బుగ్గలు పూరీలు. ఊపిరి ఆగక ఒకళ్లనొకళ్లు పట్టుకున్న తీరు చూస్తే, ఎవరు ఎవరిని ముంచుతున్నరో ఠాణల కంప్లయింట్ ఇయ్యొచ్చు.

రెండు రోజులకు జంట స్టూడియోకొచ్చింది. ఆ సూది ఫొటోలు చూసి రేణుక, "అక్కా, ఇవి తీసెయ్యి. మా అత్త చూస్తే పెండ్లి ఆగుతది" అన్నది. తర్వాత స్క్రీన్ మీద వెనకకు పోయి, పోయి, నేను మొట్టమొదలు తీసిన గులాబీ మబ్బు కాడ ఆగింది. "గిదే. దీన్ని చూస్తే లోపల ఏదో అయితుంది."

"దీంట్ల నేను యాడున్న?" అన్నడు శ్రీకాంత్.

"యాడున్నవో అడుగొద్దు. ఫీల్ కావాలె."

గట్ల నా మొదటి ఫొటో ఫంక్షన్ హాల్ ముందట ఎనిమిది ఫీట్ల ఫ్లెక్స్ అయ్యింది. దాని కింద ఇద్దరు పెద్దమనుషులు నిలవడి మాట్లాడుకుంటున్నరు. ఒకాయన మందారం పువ్వన్నడు. ఇంకొకాయన, కాదు, నీళ్లల్ల రంగు ఒలికిందన్నడు. మూలకు మా స్టూడియో పేరు కోసం చూసిన. లేదు. పక్కనే ఉన్న యాదగిరి అన్న, "నేనే తీసేయమన్న. కావాలంటే నీ పేరు ఏయిస్త" అన్నడు.

గప్పుడే మా అమ్మ కొత్త చీరల వచ్చింది. ఫ్లెక్స్‌ను కింది నుంచి మీదికి ఒకసారి చూసింది. "నువ్వు తీసిన ఫొటో ఏదే?"

"లోపల పెట్టిండ్రంట అమ్మా" అన్న. "పా, ముందుగాల తిందాం."