కంగారూ పా మొదట్లో తెల్లటి పెచ్చులు

పెర్త్ శివార్లలో, పియారా వాటర్స్‌లో ఇల్లు కట్టుకున్నాక ఇంటి ముందు ఇసుక నేలలో మూడు కంగారూ పా మొక్కలు నాటాను. ఇది ఈ పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు అధికారిక పువ్వు, అడవిపువ్వు. కత్తుల్లాంటి ఆకుల మధ్యనుంచి పొడవాటి కాడ లేచి, దాని కొసన నూగు పూలు కంగారూ పంజాలా విచ్చుకుంటాయి. ఒకసారి వేరూనితే ఏళ్ళ తరబడి ఉంటుంది. నర్సరీలో ఆవిడ ఒకటే చెప్పింది: "మొదటి వేసవి దాటాక దాని మానాన దాన్ని వదిలెయ్యి. తడి ఎక్కువైతే దుంప కుళ్ళిపోతుంది."

నేను అనంతపురం వాణ్ణి. నీళ్ళెక్కువై చచ్చే మొక్క ఉంటుందంటే నమ్మబుద్ధి కాలేదు. అయినా ఆమె చెప్పినట్టే చేశాను. బాగానే పూశాయి.

ఒక వేసవి చివర్లో మధ్య మొక్క ఆకులు మొదళ్ళ దగ్గర నల్లబడ్డాయి. వంగి చూస్తే ఇసుక మీద తెల్లటి పొర ఎండి పెచ్చులు కట్టి ఉంది. నా చూపు తిన్నగా ఎడమవైపు ఇంటి మీదికి పోయింది.

ఆ ఇంటాయన ప్లంబర్, ఇక్కడివాడే. మా ఇళ్ళ ముందు కంచె లేదు. ఆయన పచ్చిక ఆగినచోట నా ఇసుక మొదలవుతుంది. వీపుకి డబ్బా తగిలించుకుని తరచూ కలుపుమందు కొడుతుంటాడు. "ఇవన్నీ ఎందుకు మేట్, హాయిగా లాన్ వేసుకో" అని ఒకసారి నా మొక్కల్ని చూసి నవ్వాడు కూడా. ఇప్పుడు ఆ నవ్వే నాకు తేడాగా తోచింది.

"ఆయనే ఏదో కొట్టినాడు" అన్నాను నా భార్యతో.

"మొన్నే కదా మన ట్యాప్ ఫ్రీగా ఫిక్స్ చేసిపోయినాడు!"

"ఫ్రీగా ఎందుకు చేసినాడు మరి?"

ఇంటినుంచి పనిచేసే రోజుల్లో లాప్‌టాప్ కిటికీ దగ్గరికి మార్చాను. ఆయన బిన్ బయట పెడుతుంటే చేతుల వంక చూశాను. గాలికి ఎగిరొచ్చిన కాగితం తీయడానికి నా మొక్కల దగ్గర వంగితే, అదీ అనుమానంగానే ఉంది. ఈలోగా రెండో మొక్క కూడా నల్లబడసాగింది. ఇక ఆగలేక వెళ్ళి అడిగేశాను.

"మందు ఇటువైపు కూడా కొట్టావా?"

ఆయన మొహం ఎర్రబడింది. వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక పెచ్చు తీసి వాసన చూశాడు. "కొట్టిన చోటు తెలియడానికి నా మందులో నీలం రంగు కలుపుతాను మేట్. ఇది పులిసిన వాసనొస్తోంది. తిండి లాంటిదేదో." దాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నేనూ వాసన చూశాను. కుడితి!

మర్నాడు పొద్దున్నే కిటికీ తెర చాటున నిలబడ్డాను. కుడివైపు ఇంట్లో ఉండే తెలుగువాళ్ళ అమ్మగారు, తెనాలి నుంచి మనవరాలిని చూసుకోవడానికి వచ్చినావిడ, గిన్నెతో వచ్చి అటూ ఇటూ చూసి మొక్క మొదట్లో కుమ్మరించింది.

"ఆంటీ!" అంటూ బయటికొచ్చాను.

ఆమె ఉలిక్కిపడింది. "బియ్యం కడిగిన నీళ్ళేలే బాబూ. ఎండకి మాడిపోతోంది, ఒక్కళ్ళూ చుక్క నీళ్ళు పొయ్యరు. పాపం అనిపించింది."

"దీనికి పోయకూడదు ఆంటీ, కుళ్ళిపోతుంది."

"నీళ్ళు పోస్తే చచ్చే మొక్కా?" నన్ను ఎగాదిగా చూసింది. "మేం ఇటు రావడం ఇష్టం లేకపోతే సూటిగా చెప్పు బాబూ. ఈ కథలెందుకు?"

మధ్య మొక్కని తవ్వి తీశాను. దుంప నల్లగా మెత్తబడి, ముట్టుకుంటే ఊడొచ్చింది. ఆమె ముక్కు మూసుకుని, "చీడ పట్టిందది" అని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

రెండో మొక్కకి కుళ్ళిన ఆకులు కోసేసి, తడి ఇసుక తోడేసి పొడి ఇసుక పోశాను. బతికింది. ప్లంబర్‌కి సారీ చెబితే, "నో వరీస్" అన్నాడు గానీ నా మొహం చూడలేదు. మళ్ళీ ఎప్పటిలా పలకరించడానికి చాలా వారాలు పట్టింది. నేను మాత్రం రోజూ పొద్దున్నే మొక్కల మొదట్లో వేలు పెట్టి తడి ఉందేమో చూడటం మానలేదు.

చలి తగ్గాక మిగిలిన రెండూ పూశాయి. తేనె తాగే పిట్టలు కాడల మీద ఊగుతుంటే, ఊరికి తిరిగి వెళ్ళబోతున్న ఆంటీ పూల పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది.

"బాగానే పూసింది బాబూ" అంది. "నీళ్ళు పోసుంటే ఇంకా విరగబూసేది."