ముఖ్య అతిథికి నేను చదివిన పరిచయం

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మా తెలుగు సంఘం ఉగాది సభకు బ్రిటన్ నుంచి ఒక ఎంపీని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆవిడ తాతగారు తెల్లదొరల కాలంలో కాకినాడలో ఉద్యోగం చేశారట. ఆ మాత్రానికే మా కమిటీ ఆవిడను తెలుగింటి ఆడపడుచును చేసేసింది. పట్టుచీర, శాలువా, జ్ఞాపిక అన్నీ సిద్ధం. నా తెలుగు బాగుంటుందని పరిచయం రాసి చదివే పని నాకిచ్చారు.

ఆవిడ గురించి నాకు కమిటీ కంటే ఎక్కువే తెలుసు. మొదట లాయరు. వలస వచ్చినవాళ్ల తరఫున కోర్టులో వాదించి పేరు తెచ్చుకుంది. తర్వాత టీవీలో చర్చలు నడిపింది. దూరమైన తల్లీబిడ్డలను స్టూడియోలో కలిపి, పక్కన కూర్చుని కళ్లు తుడుచుకునేది. ఆ పేరుతోనే ఎన్నికల్లో గెలిచింది. మంత్రి అయ్యాక, ముసలివాళ్లకు సేవచేసే పని మీద వచ్చేవాళ్లు పిల్లలను వెంట తెచ్చుకోకూడదని నిబంధన పెట్టింది. మా చెల్లెలు బ్రిటన్‌లో ఆ పనే చేస్తోంది. దాని నాలుగేళ్ల కూతురు గుంటూరులో నాయనమ్మ దగ్గర ఉంది. ఆ కళ్లు తుడుచుకోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"అలా ఎందుకు చేశారని ఒక్కసారి ఆవిడ మొహం మీదే అడుగక్కా," అంది చెల్లెలు ఫోన్లో. అడుగుతానని మాటిచ్చాను.

సంఘం ప్రెసిడెంటు నా కాగితం చూసి నిబంధన గురించిన పేరా కొట్టేశాడు. "గెస్ట్‌ని పిలిచి ఇన్సల్ట్ చేస్తామా అమ్మా? లా, టీవీ వరకు చదువు చాలు. అన్నట్టు, నీ వీసా ఎక్స్‌టెన్షన్ ఈ వీకే ఫైల్ చేయిస్తున్నా," అన్నాడు. నేను పనిచేసేది ఆయన కంపెనీలోనే. రెండు మాటలూ ఒకే ఊపిరిలో, నవ్వుతూ అన్నాడు.

సభలో ఆ కొట్టేసిన పేరా కూడా చదివేశాను. ప్రెసిడెంటు ముఖం మాడిపోయింది. హాల్లో జనం మాత్రం నేను ఆగిన ప్రతిచోటా అలవాటుగా చప్పట్లు కొట్టారు. తల్లీబిడ్డలను విడదీసిన సంగతికీ కొట్టారు. తెలుగు ముక్క రాని ఆవిడ లేచి, చేతులు జోడించి, నాలుగు వైపులా నమస్కారం పెట్టింది. ప్రెసిడెంటు ప్రాణం కుదుటపడింది. మా వాళ్ల చెవులు ఎక్కడున్నాయో అని పళ్లు నూరుకున్నాను.

ఫోటోలప్పుడు ఆవిడ నా వైపు వంగి, "మీ భాష ఎంత తియ్యగా ఉందో. నా గురించి ఏం చెప్పారు?" అని ఇంగ్లీషులో అడిగింది. అటుపక్క ప్రెసిడెంటు నన్నే చూస్తున్నాడు.

"అన్నీ మంచి మాటలే," అన్నాను ఇంగ్లీషులో.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది. సభంతా లైవ్‌లో చూసిందట. "ఆవిడ నిన్నేదో అడిగింది కదక్కా, నువ్వేం చెప్పావు?"

అప్పటిదాకా ఆవిడ మీద, ప్రెసిడెంటు మీద ఉన్న కోపమంతా నా మీదికే తిరిగింది. లైవ్‌లో సౌండ్ సరిగ్గా వచ్చిందా అని మాట మార్చాను.

"సరేలే అక్కా, ఉంటాను. పాప నిద్రపోయేలోపు వీడియో కాల్ చేయాలి," అని ఫోన్ పెట్టేసింది.