పోస్టర్‌లో మా నాన్న

వాతావరణ మార్పుల మీద పరిశోధన చేసేవాళ్లు మా బొల్లాపల్లి వైపు వస్తే నాకు ఒళ్లు మండుతుంది. కారు దిగగానే నీళ్ల సీసా మూత తీస్తారు. రెండు గుక్కలు తాగి, మిగతాది చేత్తో పట్టుకునే కరువు గురించి అడుగుతారు.

అలాంటి బృందం ఒకటి మా నాన్నను పట్టుకుంది. అప్పటికి మా మిరపచేను ఎండిపోయింది, బోరు నీళ్లకు బదులు గాలి పోస్తోంది. ఆయన దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో గేటు కాపలాకు చేరాడు. సెలవుకు ఇంటికొచ్చిన మనిషిని గంటసేపు మాట్లాడించి, కాపలా యూనిఫాం వేయించి, ఎండిన చేలో నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. ఏం సరదానో!

కొన్నాళ్లకు నరసరావుపేటలో సదస్సుకు రమ్మని ఫోన్ చేశారు. నాన్న డ్యూటీకి సెలవు పెట్టొచ్చి ఇస్త్రీ పంచె కట్టాడు.

"బోరుకేమన్నా సాయం చేస్తారేమోరా. మాట తేలితే అటునుంచి అటే చేలోకి పోదాం" అన్నాడు, బండి వెనక కూర్చుని.

హాల్లో ఏసీ చలికి నాన్న కండువా కప్పుకున్నాడు. గోడకు నిలువెత్తు పోస్టర్, అందులో ఆయనే. కింద ఏం రాశారో చదవమన్నాడు.

"అనుకూలత: మారిన వాతావరణాన్ని తట్టుకుని నిలిచిన రైతు" అని చదివాను.

"తట్టుకున్నానంటనా?" అన్నాడు.

కుర్చీ ఎత్తి ఆ పోస్టర్ మీద విసరాలనిపించింది. చేను వదిలి లారీల వాళ్లకు గేటు తీయడానికి ఈ మహానుభావులు పెట్టిన ముద్దుపేరు అనుకూలత. రేపు ఊరే ఖాళీ చేస్తే ఇంకా మంచి పేరు పెడతారు, ఓ బహుమతి కూడా ఇస్తారు.

బృందం నాయకుడు మైకు తెచ్చి నాన్న నోటి దగ్గర పెట్టాడు. "కొత్త జీవితం ఎలా ఉంది పెద్దాయనా?"

"గేటు కాడ నిలబడి దినాం పైకి చూస్తా సార్, మబ్బేమోనని. చూస్తే సిమెంటు దుమ్ము. మబ్బే అయితే ఆ పూటే లాఠీ ఆడ పారేసి చేలోకి పోతా. ఇంతకీ బోరు సంగతి ఏంది సార్?"

హాలంతా చప్పట్లు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. బోరు సంగతి ఎవరూ ఎత్తలేదు. భోజనాల పిలుపు రాగానే అందరూ లేచారు.

బయటికొచ్చి బండి తీశాను. నాన్న ఎక్కి కూర్చున్నాడు.

"చేలోకి వద్దులే. బస్టాండు కాడ దింపు, డ్యూటీకి పోవాల."