జాకీ మీద బండి, బండి మీద బురద

మెకానిక్‌లంటే నాకు మొదటినుంచీ పడదు. మోటార్ సైకిల్ చైను బిగించమని ఇస్తే, మా కృష్ణానగర్ సందు చివరి మెకానిక్ రెండు రోజులు దగ్గర పెట్టుకునేవాడు. ఆ రెండు రోజులూ మా ఆయన బస్సుల వెంట పరుగెత్తి, షూటింగ్‌కి ఆలస్యంగా వెళ్ళి చివాట్లు తిని, ఆ చిరాకంతా మూటకట్టి ఇంటికి తెచ్చేవారు. మా నాన్న తెనాలిలో లారీల షెడ్డు నడిపేవారు. పానాల మధ్య పెరిగినదాన్ని. ఒక చైను బిగించడానికి ఎవడి కోసమో ఎదురుచూడటం నాకు నామోషీగా ఉండేది.

అడ్డంకల్లా బండిని పైకి లేపడమే. స్టాండు అరిగిపోయి చక్రం నేలకి తగులుతూనే ఉండేది. ఇంజన్ కింద ఇటుకలు పేర్చి చూశాను. ఒకనాడు ఇటుక విరిగి బండి నా కాలికి జానెడు దూరంలో పడింది. మర్నాడే బయల్దేరి జాకీ కొనడానికి వెళ్ళాను. మోటార్ సైకిళ్ళ కోసం చేసిన కొత్త జాకీ ధర విన్నాక, మారుమాట్లాడకుండా పాత ఇనుప సామాన్ల కొట్లోకి నడిచాను. అక్కడ కారు జాకీ దొరికింది, మర తిప్పితే కత్తెరలా విచ్చుకుని లేచే రకం. కిరసనాయిలుతో తుప్పు వదిలించి, గ్రీజు పెట్టి, పైన చిన్న టేకు చెక్క బిగించాను. ఇంజన్ జారకుండా ఆ చెక్క మీద పాత ట్యూబు ముక్క మేకులతో కొట్టాను. బండి ఒరగకుండా హ్యాండిల్‌ని పాత చీరతో కిటికీ ఊచలకి కట్టేదాన్ని. అంతే, నా షెడ్డు తయారైంది.

ఇంటి ఓనరమ్మ గడపలో నిలబడి వింతగా చూసేది. "ఏంది బిడ్డా, గా పని మొగోళ్ళకు ఇడ్వరాదూ? జర పైలం, మీద పడ్తది."

"పడదు పిన్నిగారూ, నేను కట్టాను కదా," అనేదాన్ని. నెల తిరక్కుండా వాళ్ళాయన స్కూటర్ కూడా నా జాకీ మీదకి ఎక్కింది.

ఇంతకీ మా ఆయన సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్. ఒక సీను రెండు రోజులు తీస్తే, మొదటిరోజు నటుడి చొక్కాకి ఏ గుండీ ఊడి ఉందో రెండోరోజూ అదే ఊడి ఉండాలి. అలాంటివన్నీ నోటు పుస్తకంలో రాసుకుని, తేడా రాకుండా కాపలా కాయడం ఆయన ఉద్యోగం. ఏడేళ్ళ కాపురంలో ఆ ఉద్యోగం గురించి నాతో ఏడు మాటలు మాట్లాడి ఉంటే గొప్ప. గడప దాటి లోపలికి వచ్చేసరికి సినిమా అంతా చెప్పుల దగ్గరే ఆగిపోయేది. నాకు ఒళ్ళు మండేది. అడిగితే, "నీకు అర్థం కాదులే," అనేవారు.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం, శనివారం సాయంత్రం బండి ఎర్ర బురదలో దొర్లి ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే ఆయన పాటల రికార్డింగ్ పని ఉందని యూనిట్ వ్యానెక్కి వెళ్ళిపోయారు. బండి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నేను జాకీ బయటికి తీశాను. మూడు గంటలు పట్టింది. చక్రం తిప్పుతూ ఊచ ఊచా తుడిచాను, మడ్‌గార్డు లోపలి పెచ్చులు పుల్లతో గీకాను, చైను కడిగి నూనె రాశాను. సాయంత్రానికి బండి పెళ్ళికొడుకులా ఉంది. మెచ్చుకుంటారని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయన వచ్చారు, చూశారు, మెట్టు మీద కూలబడ్డారు.

"ఎవరు కడిగారు?"

"ఇంకెవరు, నేనే. ఏవైందండీ?"

అప్పుడు చెప్పారు మహానుభావుడు. శనివారం ఫిల్మ్‌నగర్ గుట్ట కింద తీసిన సీనులో ఉన్నది మా బండే. హీరో తమ్ముడు వానలో, బురదలో పడి లేచి ఇంటికి వస్తాడు. సగం అయింది, మిగతా సగం సోమవారం. "మిగిలింది నువ్వే తియ్యి, నేను కుర్చీలో కూర్చుని చూస్తాను. బాగా వస్తే వచ్చే సినిమాకి నువ్వే అసోసియేట్ డైరెక్టర్‌వి," అని దర్శకుడు ఆయనకి మాట ఇచ్చారు. అసిస్టెంటుకి అది పై మెట్టు, ఏడేళ్ళ ఎదురుచూపు. ఆ దర్శకుడు ఒకసారి చేతి గడియారం ఎడమ నుంచి కుడికి మారిందని ఒక అసిస్టెంట్‌ని అక్కడికక్కడే ఇంటికి పంపేశారట.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఆ ఒక్క ముక్క పొద్దున చెప్పి ఉంటే మీ నోరు పడిపోయేదా?"

శనివారం తీసిన స్టిల్ ఫొటోలు చూసి అలాగే పూద్దామంటే, అవి కడిగి రావడానికి రెండు రోజులు పడుతుందట. నోటు పుస్తకం లాక్కుని చూశాను. నటుడి చొక్కా గురించి అరపేజీ ఉంది, మడత మడతా లెక్క రాసి ఉంది. బండి గురించి మూడే మాటలు: "బండి నిండా బురద."

"నిండా లేదు," అన్నాను. "ముందు మడ్‌గార్డు కింద మందంగా ఉంది. ట్యాంకు ఎడమవైపు చారలు, కుడివైపు ఒక్కటే మరక. సీటు మీద అసలు లేదు, మనిషి కూర్చున్నాడు కదా. కడిగినదాన్ని, నాకు తెలియదూ?" ఆయన తలెత్తి నన్ను వింతగా చూశారు.

సోమవారం పొద్దున్నే జాకీ ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాను. గుట్ట కింద మొన్నటి గుంటలోంచే బురద తీశాను. ఆర్ట్ డిపార్ట్‌మెంటు అతను బ్రష్షు పట్టుకుని వచ్చాడు. "మీరెందుకమ్మా, మేం పూస్తాం."

"మీరు పూస్తే పూసినట్టే ఉంటుంది బాబూ," అన్నాను. "బురద చక్రం చిమ్మాలి."

జాకీతో వెనక చక్రం నేల మీంచి లేపాను. మా ఆయన హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నారు. ఇంజన్ స్టార్ట్ చేసి మొదటి గేరులో నెమ్మదిగా తిప్పిస్తూ, డబ్బాతో టైరు మీద బురద పోశాను. చక్రం ఎక్కడ కొట్టాలో అక్కడ కొట్టింది. తర్వాత జాకీ ముందుకి జరిపి, ముందు చక్రం చేత్తో తిప్పాను. ఎక్కువైనచోట తుడిచాను, తక్కువైనచోట వేళ్ళతో అద్దాను. సీను ప్రకారం వాన అప్పుడే వెలిసింది కాబట్టి, ఎండకి ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నాను. నా చీర సంగతి చెప్పక్కర్లేదు. కానీ అంత ధీమాగా నేను ఏ పనీ చేసి ఎరగను.

దర్శకుడు వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగారు. వెనక ఎర్రలైటు దగ్గర ఆగారు. అది పూర్తిగా బురదతో కప్పి ఉంది. చక్రం చిమ్మిందాన్ని అక్కడ తుడవడం మరిచాను.

"మొన్న ఈ లైటు ఇలా మూసుకుపోయి ఉందా? వెలుగు కనిపించినట్టు గుర్తే నాకు," అన్నారు మా ఆయనతో.

అందరూ ఆయన వైపు చూశారు. నోటు పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. తెరవలేదు. అంతమందిలో వెనక్కి తిరిగి, "మొన్న బురద ఎంతవరకు ఉంది?" అని నన్ను అడిగారు.

తన పని గురించి ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. "సగం. కుడివైపు సగం. గోటితో గీకి తీశాను," అన్నాను.

"కుడివైపు సగమండీ," అన్నారాయన దర్శకుడితో. "మా ఆవిడకి తెలుసు."

నేను వెళ్ళి ఎడమ సగం తుడిచాను. దర్శకుడు ఇంకేమీ అడగకుండా కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన నేను పక్కకి జరిగేదాకా ఆగి, "యాక్షన్" అన్నారు.